చెప్పి అడిగిన ఇల్లు

హేమావతికి జిల్లా కేంద్రానికి బదిలీ అయిందని తెలిసి బాగేపల్లి ఆఫీసులో అందరూ సంతోషించారు.

"చిక్కబళ్ళాపుర అంటే ఏమనుకున్నావమ్మా? రైలుండాది, పెద్దాసుపత్రి ఉండాది. బెంగళూరు పక్కనే," అన్నాడు పెద్ద గుమాస్తా. ఇంకొకరు మైసూర్‌పాక్ తెప్పించమన్నారు. ఆమె నవ్వి సరేనంది. తర్వాత పాత ఫైళ్ళ గదిలోకి వెళ్ళి, బీరువా తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. భయం కొత్త ఆఫీసును గురించి కాదు. ఆ ఊళ్ళో ఏ వీధిలో ఉండాలన్నదే.

హేమావతికి ఫిట్స్ వస్తాయి. హైస్కూల్లో ఉండగా, పొద్దున ప్రార్థనలో నిలబడి ఉన్నప్పుడు మొదటిసారి పడిపోయింది. అప్పటినుంచి రెండు పూటలా మాత్రలు వేసుకుంటూనే ఉంది. అయినా ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి వస్తుంది. వచ్చే ముందు ఆమెకు కాలిన రబ్బరు వాసన వేస్తుంది. పక్కనున్న వాళ్ళెవరికీ ఆ వాసన తెలియదు. ఆ తర్వాత కూర్చోవడానికి సమయం దొరికితే అదృష్టం. మెలకువ వచ్చేసరికి నాలుక కరుచుకుని ఉంటుంది, ఒళ్ళంతా ఎవరో కొట్టినట్టు నొప్పి. అది ఏ రోజో కూడా వెంటనే గుర్తు రాదు. అన్నిటికన్నా ఆమెకు భయం కలిగించేది ఇంకొకటి. తను తెలివిలో లేనంతసేపూ ఎవరు చూశారో, ఏం చేశారో తనకు తెలియకపోవడం.

"ఎవరికీ చెప్పద్దు" అని తల్లి ఆనాడే కట్టడి చేసింది. పెళ్ళి కావలసిన పిల్ల అన్నది ఆమె లెక్క. రెండు సంబంధాలు ఎలాగో విషయం తెలిసి వెనక్కి పోయాయి. ముప్పై దాటాక ఇంట్లో పెళ్ళి మాట ఎత్తడం మానేశారు గాని, చెప్పకూడదన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

బాగేపల్లిలో ఆమె అద్దెకుండే సందులో ఆ విషయం ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలుసు. ఎదురింట్లో బట్టలు కుట్టే సుజాతమ్మ ఆమెను రెండుసార్లు నేలమీద నుంచి లేపి కూర్చోబెట్టింది. పొద్దున తలుపు తెరుచుకోవడం ఆలస్యమైతే మిషను ఆపి కేకేసేది: "హేమా, లేచినావా?" అంతే. ఆ జబ్బు పేరు ఒక్కసారీ ఎత్తలేదు. ఆ కేక ఉన్నన్నాళ్ళూ హేమావతి ఒంటరిగా ఉన్నాననుకోలేదు. ఇప్పుడు పోతున్నది ఆ కేకే.

మొదట బాగేపల్లి నుంచే రోజూ బస్సులో వెళ్ళి రావచ్చనుకుంది. కొన్నాళ్ళు అలాగే చేసింది. ఒక సాయంత్రం బస్సు పేరేసంద్ర దాటుతుండగా గుప్పున కాలిన రబ్బరు వాసన వచ్చింది. "నిలపండి, నిలపండి" అని అరిచి, బస్సు పూర్తిగా ఆగకముందే దిగిపోయి, రోడ్డు పక్కన టీ బంకు దగ్గర చతికిలబడింది. ఏమీ రాలేదు. చూస్తే పొలం గట్టున ఎవరో పాత టైరు తగలబెడుతున్నారు. నిజమైన వాసన అది. కాని ఇంకో బస్సు ఎక్కడానికి ఆమెకు ధైర్యం వచ్చేసరికి చీకటి పడింది. ఇక చిక్కబళ్ళాపురలోనే ఇల్లు చూసుకోక తప్పదని ఆ రోజే నిశ్చయించుకుంది.

ఆదివారం తమ్ముడు పురుషోత్తమ్ బైకు మీద వచ్చాడు. విత్తనాల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఉద్యోగం కాబట్టి అతనికి చిక్కబళ్ళాపురలో చాలామంది తెలుసు. మొదట హైవే అవతల కొత్త లేఅవుటుకు తీసుకెళ్ళాడు. తెల్లగా సున్నం వేసిన ఇల్లు. కిటికీ తెరిస్తే నందికొండ కనిపిస్తుంది.

"గాలి చూడక్కా, ఎంత బాగుండాదో," అన్నాడు.

హేమావతి కొండను చూడలేదు. వాకిట్లో నేలకు సమంగా ఉన్న నీళ్ళ సంపును చూస్తోంది. దాని ఇనుప మూత ఒక మూల తుప్పు పట్టి పైకి లేచి ఉంది. చెప్పుతో తొక్కితే కదిలింది. సందులోంచి లోపలి నీళ్ళు నల్లగా కనిపించాయి. చుట్టూ ఖాళీ సైట్లు, నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ మొక్కలు. దగ్గరి ఇల్లు కేకకు అందదు. అయినా పడిపోయే సమయంలో తను కేకైనా వేయగలదా?

"వద్దురా," అంది.

రెండో ఇల్లు రైలు పట్టాలకు అవతల. రోజూ పట్టాలు దాటి ఆఫీసుకు వెళ్ళాలి. ఆమె పట్టాల దగ్గరే బైకు దిగి, ఇంటి దాకా కూడా రానంది. మూడోది బజారు వీధిలో మేడమీద. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నాలుగు మెట్లు ఎక్కి దిగి వచ్చేసింది.

పురుషోత్తమ్‌కు కోపం వచ్చింది. నిమ్మకాయ సోడా బండి దగ్గర బైకు ఆపి, "అన్నిటికీ వంక పెడ్తాండావు. నీకు ఏం కావాల్నో నోరు తెరిచి చెప్పక్కా," అన్నాడు.

"కింది ఇల్లు కావాల. పక్కనే మనుషులుండాల. పోయే దావలో పట్టాలుండకూడదు, బావి ఉండకూడదు, సంపుకు మూత గట్టిగా ఉండాల."

అతను సోడా గ్లాసు కింద పెట్టాడు. చిన్నప్పుడు ఆమె పడిపోతే గది మూలన నిలబడి ఏడ్చేవాడు. పెద్దయ్యాక ఆ సంగతి ఎన్నడూ మాట్లాడింది లేదు.

"ఇంగా వస్తాందా అది?" అన్నాడు మెల్లగా.

"వస్తాందిరా."

ఆ తర్వాత అతను కోపగించుకోలేదు. సోడా బండి ఆయన్నే అడిగితే పూల మండీ వెనక ఒక వఠారం ఉందని చెప్పాడు. మధ్య వాకిట్లో కొళాయి, దాని చుట్టూ వరసగా నాలుగు చిన్న ఇళ్ళు. మూడింట్లో సంసారాలున్నాయి. గుమ్మాల్లో ఆడవాళ్ళు కూర్చుని చామంతులు, కనకాంబరాలు మాల కడుతున్నారు. బావి లేదు, మెట్లు లేవు, ఆఫీసు బస్సు వీధి చివరనే ఆగుతుంది. హేమావతికి పొద్దుటినుంచి మొదటిసారి ఊపిరి కాస్త తేలిగ్గా వచ్చింది.

యజమాని వెంకటరాయప్ప రిటైరైన మేష్టారు. ఉద్యోగం, ఊరు, కులం అన్నీ అడిగాడు. చివరికి, "జబ్బులేమన్నా ఉండాయామ్మా? తప్పుగా అనుకోవద్దు. ముందుండినాయన టీబీ ఉన్నట్టు చెప్పకుండా చేరినాడు. అందుకే అడుగుతాండా," అన్నాడు.

పురుషోత్తమ్ గోడకున్న క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఏమీ లేవప్పా," అంది హేమావతి.

ఆ మాట అన్న క్షణం నుంచి ఆమెకు కొత్త భయం పట్టుకుంది. ఇదివరకు పడిపోతానని భయం. ఇప్పుడు పడిపోతే బయటపడిపోతానని కూడా భయం. ఆ ఇంట్లో దిగగానే మాత్రల అట్టను కందిపప్పు డబ్బాలో దాచింది. కుక్కర్ కూత పెడితే స్టవ్‌కు దూరంగా జరిగి నిలబడేది. స్నానాల గదిలో గడియ పెట్టుకోకుండా, తలుపుకు బకెట్ ఆనించి, నేలమీద కూర్చుని గబగబా నాలుగు చెంబులు పోసుకునేది. బయట ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే సబ్బు నురగతోనే లేచి తలుపు పట్టుకునేది.

వీధి తలుపుది ఇంకో బాధ. లోపల గడియ వేసుకుంటే, తను పడిన రోజు ఎవరూ లోపలికి రాలేరు. వేసుకోకపోతే ఎవరైనా రావచ్చు. పడుకునే ముందు గడియ వేసేది. మళ్ళీ లేచి తీసేది. తీశాక నిద్ర పట్టేది కాదు. నిద్ర తక్కువైతే ఫిట్స్ వస్తాయని డాక్టరు ఎప్పుడో చెప్పి ఉన్నాడు. భయం నిద్రను చెడగొట్టేది, నిద్ర చెడినందుకు భయం ఇంకా పెరిగేది.

పక్కింటి వీణకు హేమావతికన్నా నాలుగైదేళ్ళు తక్కువ. మొగుడు మండీలో బుట్టలు మోస్తాడు. మాల కడుతున్న చేతులు ఆపకుండానే వీధిలో జరిగేదంతా చూస్తుంది. ఒకరోజు అడగనే అడిగింది.

"అక్కా, నువ్వు తలుపు గడి ఏసుకోవు. ఏమప్పా ఈయమ్మకు ఇంత ధైర్యం అనుకుంటా ఉంటాను."

"మరచిపోతాంటా వీణా."

"రోజూ మరస్తావా?"

హేమావతి నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వీణ గుమ్మంలో ఉందంటే తలవంచుకుని వెళ్ళేది. ఏ మనుషుల కోసం ఆ ఇల్లు ఎంచుకుందో, ఆ మనుషులకే దొరక్కుండా తిరగడం మొదలుపెట్టింది.

మునిసిపల్ నీళ్ళు వచ్చే రోజున వఠారమంతా కొళాయి దగ్గరే ఉంటుంది. ఆ రోజు పొద్దున హేమావతి రెండు బిందెలు పట్టుకుని తన వంతు కోసం నిలబడి ఉంది. మూడు రోజులుగా సరిగా నిద్ర లేదు. ఎవరో ఏదో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య వాసన వచ్చింది. టైరు ఎక్కడైనా కాలుతోందా అని చుట్టూ చూసింది. లేదు. బిందెలు వదిలేసి తన గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం బాగా దగ్గరే. అక్కడికి చేరలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆకాశం, దాని చుట్టూ మొహాలు. ఎవరి మొహమో పోల్చుకోలేకపోయింది. నోట్లో రక్తం, ఇనుము రుచి. చేతిలో ఎవరిదో తాళాల గుత్తి. తల వీణ ఒళ్ళో ఉంది. చీర తడిసిపోయి ఉంది. అది కొళాయి నీళ్ళో కాదో తెలియక సిగ్గుతో ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. ముందు పన్ను ఒకటి కొస విరిగి ఉందని నాలుకకు తగిలింది. జనం వెనక వెంకటరాయప్ప నిలబడి ఉన్నాడు. ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

సాయంత్రం ఆయన వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అడిగినప్పుడు లేదన్నావు కదమ్మా."

"చెప్పింటే ఇల్లు ఇచ్చేవాళ్ళాప్పా?"

"ఇచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. "నా భార్యకు గుండె జబ్బు. పొద్దున నిన్ను చూసి ఆమె ఇంగా అన్నం ముట్టలేదు. నువ్వు లోపల ఒక్కదానివే ఉన్నప్పుడు ఏమన్నా అయితే? నేను తట్టుకోలేనమ్మా. వేరే ఇల్లు చూసుకో. తొందరేమీ లేదు. కానీ చూసుకో."

ఆయన్ను తిట్టుకుందామన్నా ఆమెకు చేతకాలేదు. ఆయన గొంతులో ఉన్నదీ తన గొంతులో ఉండే భయమే.

ఊరికి ఫోన్ చేస్తే తల్లి ఏడ్చింది. "చాలు తల్లీ. ఉద్యోగం వదిలేసి వచ్చేయ్. ఇంటికాడ ఉండు. నీ ఎనకాల నేనుంటాను," అంది. ఆ క్షణంలో ఆ మాట ఎంతో చల్లగా తగిలింది. సరేననబోయింది. కాని ఆ ఇంట్లో మిగిలిన రోజులన్నీ కళ్ళముందు కదిలాయి. వంటగదిలోకి వెళ్ళనివ్వరు, బావి వైపు పోనివ్వరు, చుట్టాలు వస్తే లోపలి గదిలో కూర్చోమంటారు. అదీ భయంగానే తోచింది. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసింది.

అప్పుడు వీణ గంజి తెచ్చింది. గిన్నె చేతికిచ్చి, నేలమీద కూర్చుంది.

"అక్కా, ఆ పన్ను నావల్లనే ఇరిగింది," అంది. "నాలిక తెగతాదని అందరూ అరిచినారు. నేను చెంచా తెచ్చి నోట్లో పెట్టబోయినా. బలంగా తోసినా. నువ్వు చచ్చిపోతాండావనుకున్నా అక్కా." ఆమె ఏడుస్తోంది. "ఏం చేయాల్నో ముందే చెప్పింటే నేను అట్ల చేసేదాన్నా?"

హేమావతి గిన్నె కింద పెట్టింది. ఇన్నేళ్ళూ దాస్తే క్షేమం అనుకుంది. దాచినందుకే, తనకు సాయం చేయాలనుకున్న మనిషి చెంచాతో తన పన్ను విరగ్గొట్టింది. ఇంకాస్త లోపలికి తోసి ఉంటే ఏమయ్యేదో.

"నీ తప్పు కాదు వీణా. నేను చెప్పాల్సింది," అంది.

మరుసటి వారం ఆఫీసుకు సెలవు పెట్టి మళ్ళీ ఇళ్ళు వెతకడానికి బయలుదేరింది. ఈసారి తమ్ముణ్ణి పిలవలేదు. చెప్పి అడగాలని నిశ్చయించుకుంది. ఎంత నిశ్చయించుకున్నా, మొదటి గుమ్మం ముందు నిలబడేసరికి మాటలు తారుమారుగా వచ్చాయి. ఆ ఇంటావిడ మర్యాదగా విని, "అయ్యో, మా మరిది వస్తానన్నాడమ్మా ఈ ఇంట్లోకి. ఇప్పుడే గుర్తొచ్చింది," అంది. ఇంకో ఇంట్లో, "మా ఇంట్లో చిన్నపిల్లోళ్ళుండారు, జడుసుకుంటారు," అన్నారు. ఒకాయన మాత్రం సగంలోనే తలుపు వేసేశాడు. గడియ పడిన చప్పుడు ఆమె వెన్నులోకి దిగింది. వీధి మలుపులో ఒక గోడకు ఆనుకుని నిలబడి, ఇక్కడే వస్తే, ఇప్పుడే వస్తే అనుకుంది. ఎండలో మనుషులు ఆమెను దాటుకుంటూ పోతున్నారు. ఒక్కరి పేరూ తెలియదు.

అక్కడినుంచే వీణకు ఫోన్ చేసింది. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చింది.

"యాడుండావు? అక్కడే ఉండు," అంది వీణ. చేతిలో మాల పక్కన పడేసి వచ్చినట్టుంది. వేళ్ళకు ఇంకా అరటినార అంటుకుని ఉంది. హేమావతిని పక్క వీధిలో సీనప్ప ఇంటికి తీసుకెళ్ళింది. సీనప్ప పల్లెల నుంచి మండీకి టెంపోలో పూలు తోలుతాడు. ఇంటికి ఆనుకుని రెండు గదుల భాగం ఖాళీగా ఉంది. మధ్యలో ఒకటే గోడ.

హేమావతి కూర్చోకుండానే చెప్పింది. జబ్బు పేరు చెప్పింది, వెంకటరాయప్ప ఎందుకు ఖాళీ చేయమన్నాడో చెప్పింది, పన్ను చూపించింది.

సీనప్ప తలగోక్కుంటూ, "నాకు రక్తం చూస్తేనే కండ్లు తిరగతాయమ్మా. అబద్ధమెందుకు, నాకు భయమే," అన్నాడు.

ఇదీ పోయింది అనుకుంది హేమావతి. వెళ్ళిపోవడానికి సంచి భుజాన వేసుకుంది.

"ఎంతసేపుంటాదమ్మా అది?" అంది సీనప్ప భార్య రామలక్ష్మమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"రెండు నిమిషాలు. మహా అంటే మూడు."

"అంతసేపూ మేము ఏం చేయాల?"

పద్నాలుగో ఏట నుంచి ఈ జబ్బుతో ఉన్న హేమావతిని ఆ మాట ఎవరూ అడగలేదు. జవాబు తెలుసు, డాక్టరు ఎన్నోసార్లు చెప్పాడు. ఆమె సంచి కింద పెట్టి, ఆ గచ్చు నేలమీద పడుకుంది.

"ఇట్ల పడిపోతాను. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. పట్టుకోవద్దు. చుట్టూ ఉండే గట్టి సామాన్లు జరపండి. తల కింద ఏదన్నా మెత్తగా పెట్టండి. నోట్లో ఏమీ పెట్టద్దు, చెంచా వద్దు, నీళ్ళు వద్దు. తగ్గినాక ఇట్ల పక్కకు తిప్పండి. ఐదు నిమిషాలైనా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోండి."

రామలక్ష్మమ్మ వచ్చి ఆమె పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి మెల్లగా పక్కకు తిప్పింది. "ఇట్లనా?" అంది.

"కొంచెం ఇంగా. ఉమ్ము బయటికి పోవాల."

"ఇట్ల?"

"ఆఁ. ఇట్లనే."

వీణ కూడా ఒకసారి తిప్పి చూసింది. సీనప్ప దూరంగా స్తంభం పట్టుకుని నిలబడి చూస్తూ ఉన్నాడు. తర్వాత బయటికి వెళ్ళి, ఖాళీ భాగం తలుపు తెరిచి, నేలంతా ఒకసారి కలయచూశాడు. గది మధ్యలో పాత రుబ్బురోలు ఒకటి ఉంది. "ఇది తీపించేస్తాను. తల తగలకూడదు కదా," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

వారం తిరక్కముందే ఆమె ఆ ఇంట్లో చేరింది. సామాను టెంపోలోకి ఎక్కించేటప్పుడు వెంకటరాయప్ప వచ్చి, బిందె ఒకటి తానే అందించాడు.

కొత్త ఇంట్లో భయం పోయిందని చెప్పడానికి లేదు. పొద్దున లేవగానే అది ఉండేది, ఆఫీసు బస్సులో ఉండేది. కాని ఇప్పుడు అది ఆమె ఒక్కదానిది కాదు. గోడకు అవతల ఏ గిన్నె కింద పడినా రామలక్ష్మమ్మ "అమ్మీ?" అని పలికేది. "నేను కాదమ్మా, పిల్లి" అని ఈమె పలికేది.

చలికాలంలో, మండీకి చామంతి ఎక్కువగా వచ్చే రోజుల్లో మళ్ళీ వచ్చింది. పొద్దున అంట్లు తోముతుండగా. మెలకువ వచ్చేసరికి హేమావతి పక్కకు తిరిగి పడుకుని ఉంది. తల కింద మడిచిన దుప్పటి. పళ్ళన్నీ ఉన్నాయి. రామలక్ష్మమ్మ ఆమె కొంగు సర్ది, చెంప తుడుస్తోంది. గుమ్మంలో సీనప్ప బయటికి తిరిగి నిలబడి, వీధిలో వాళ్ళెవరినీ లోపలికి రానివ్వడం లేదు. "ఏమీ లేదు, ఏమీ లేదు, పోండి. గాలి రానీండి," అంటున్నాడు.

కాసేపటికి ఆమె గోడకు ఆనుకుని కూర్చోగలిగింది. రామలక్ష్మమ్మ కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. సీనప్ప గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా కాఫీ తొణికి చొక్కామీద పడింది.

"నాకు భయం పోలేదమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "నీకు పోయిందా?"

"లేదప్పా," అంది హేమావతి.

ఆయన తలాడించి, ఇంకో గుక్క తాగాడు. ఆమె ఫోన్ అందుకుని ఆఫీసుకు చేసింది. ఈరోజు రాలేనని చెప్పింది. ఏమైందమ్మా అని అవతలి గొంతు అడిగితే, ఎప్పటిలా జ్వరమని చెప్పలేదు, ఫిట్స్ వచ్చాయని చెప్పింది.